నలభై సెంట్ల చెరువు మీద లక్ష రూపాయల అప్పు పెట్టవచ్చా?

ప్రశ్న: అయ్యా, మాది ఒడిశాలోని రాయగడ జిల్లా, గుణుపురం దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, సంతలో ఒడియా. మాకు రెండెకరాల వరి పొలం ఉంది. దాని మూల మామగారి నాటి గుంట ఉండేది. ఉపాధి హామీ పనుల్లో పూడిక తీసి లోతు చేశారు. ఇప్పుడు నలభై సెంట్ల మేర నీరు నిలుస్తుంది. జూలైలో నిండి, మార్చి చివరికి మోకాలి లోతుకు దిగుతుంది. పోయిన ఏడాది మూడు వేల చిన్న చేప పిల్లలను వదిలితే చివరికి నలభై కిలోలు కూడా రాలేదు. మా ఆడపడుచు భర్త, అన్నయ్యగారు, ఆకివీడు దగ్గర చెరువుల మీద పనిచేస్తారు. రెండు వేల పిల్లలను వేసి గుళికల మేత పెడితే టన్ను తీయవచ్చని ఆయన అంటున్నారు. ఒక అప్పుల కంపెనీ లక్ష ఇస్తానంటోంది. వడ్డీ 24 శాతం, వారం వారం కట్టాలి. మరిదేమో బయోఫ్లాక్ తొట్లు, అంటే గాలి ఆడిస్తూ తొట్లలోనే కిక్కిరిసి చేప పెంచే పద్ధతి, పెడదామంటున్నాడు. మా మహిళా సంఘం వాళ్లు పంచాయతీ చెరువు లీజుకు తీసుకుందాం రమ్మంటున్నారు. మా ఆయన ఆరు నెలలు విశాఖపట్నంలో తాపీ పనికి పోతారు. రెండు ఆవులున్నాయి. ఇక్కడ తవుడు కిలో 20, వేరుశనగ చెక్క 45, గుళికల మేత 45 రూపాయలు. చేప పిల్ల చిన్నది 3, పెద్దది 10. సంతలో ఐసు చేప 160, బతికిన చేప 200. టోకున కొనేవాళ్లు 110 కంటే ఇవ్వరు. కూలి రోజుకు 300. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఆ అప్పు తీసుకోవద్దు. ముందు ఆ మాట చెప్పేసి తర్వాత లెక్కల్లోకి వస్తాను. ఈ జవాబు మీరు చదివేలోగా కంపెనీ మనిషి మరోసారి మీ గుమ్మం ఎక్కినా ఎక్కుతాడు.

అప్పంటేనే చెడ్డదని నేను అనను. ఈ అప్పు మాత్రం చేపకు సరిపడదు. లక్షకు 24 శాతం వడ్డీ వేసి ఏడాదిలో తీర్చాలంటే మొత్తం లక్షా పదమూడు వేల దాకా కట్టాలి. అంటే వారానికి దాదాపు 2,200. మొదటి కిస్తీ వచ్చే వారమే మొదలవుతుంది. చెరువులో చేప జూలైలో పడితే మీ చేతికి మొదటి రూపాయి వచ్చేది నవంబరులో. నడుమ ఇరవై వారాలు. ఆ ఇరవై వారాల్లో మీరు కట్టవలసింది 44,000. అది ఎక్కడినుంచి వస్తుంది? మీ ఆయన కూలి డబ్బులోంచి రావాలి, లేదా తెచ్చిన లక్షలోంచే తీసి కట్టాలి. చాలా ఇళ్లలో జరిగేది రెండోదే. చెరువు కోసం తెచ్చిన డబ్బులో సగం దాకా చెరువు ముఖం చూడకుండానే అప్పిచ్చినవాడి దగ్గరికి తిరిగి వెళ్లిపోతుంది. మిగిలిన దానితో మేత సగంలో ఆగిపోతుంది. వారం వారం కట్టే అప్పు పాల వ్యాపారానికో, టీ కొట్టుకో సరిపోతుంది. అక్కడ డబ్బు రోజూ ఆడుతుంది. చేపల చెరువుకు అది పనికిరాదు.

ఇప్పుడు అన్నయ్యగారి టన్ను మాట. ఆయన చెప్పింది అబద్ధం కాదు. కొల్లేటి చుట్టుపక్కల హెక్టారుకు ఎనిమిది టన్నుల దాకా తీసేవారు ఉన్నారు. ఆ లెక్కన మీ నలభై సెంట్లకు, అంటే హెక్టారులో ఆరో వంతుకు, టన్ను పైనే రావాలి. కానీ అక్కడ చెరువులు పదుల ఎకరాలు. నీరు తగ్గితే కాలువ నుంచి పెట్టుకుంటారు. పట్టిన రోజున గట్టు మీదికి లారీ వస్తుంది, ఐసు వస్తుంది, కాటా వస్తుంది. మేత అరువుకిచ్చే వ్యాపారి పక్క వీధిలో ఉంటాడు. ఇవేవీ మీకు లేవు. మీ ఊళ్లో ఆ పద్ధతి పెడితే లెక్క ఎలా తేలుతుందో మీరు రాసిన ధరలతోనే చూద్దాం.

పిల్లలు రెండు వేలు, రెండు రకాలూ కలిపి సగటున ఆరు రూపాయలు అనుకుంటే 12,000. టన్ను చేప తయారు కావాలంటే కనీసం టన్నున్నర మేత కావాలి. 45 చొప్పున 67,500. సున్నం, మందులు 5,000. నీరు పెట్టడానికి డీజిలు 8,000. వల, మనుషులు 5,000. మొత్తం 97,500. అంతా సవ్యంగా జరిగి టన్ను వచ్చిందనుకుందాం. ఆ టన్ను ఎవరు కొంటారు? మీ పల్లె, చుట్టుపక్కల పల్లెలు కలిసినా నీరు ఇంకిపోయే ఆ కొద్ది వారాల్లో వెయ్యి కిలోలు తినలేవు. టోకువాడికి పోయాల్సిందే. అతను ఇచ్చేది 110. వచ్చేది 1,10,000. మిగిలేది 12,500. వడ్డీ పదమూడు వేలు. అంటే ఏ చీడా పీడా లేకుండా, ఒక్క చేప చావకుండా, దొంగ పడకుండా ఉంటే మీరు ఏడాదంతా కష్టపడి అయిదొందలు నష్టపోతారు. గాలి యంత్రం లేని చెరువులో అంత చేపను బతికించడమే కష్టం. మబ్బు పట్టిన ఒక్క రాత్రి చాలు, తెల్లారేసరికి అంతా తేలుతుంది.

పేదింటి చెరువులో ముందు చూడవలసింది ఎన్ని కిలోలు వస్తాయన్నది కాదు. చేప తిరిగి డబ్బయ్యేలోగా ఇంట్లోంచి ఎంత నగదు బయటికి పోతుందన్నది. అది ఎంత తక్కువైతే అంత నిబ్బరం. నేను చెప్పే పద్ధతిలో దిగుబడి చూసి అన్నయ్యగారు నవ్వవచ్చు. నవ్వనివ్వండి.

పెద్ద పిల్లలు అయిదు వందలు కొనండి, పది రూపాయల లెక్కన 5,000. సున్నం 160 కిలోలు. కిలో పదిహేను అనుకుంటే 2,400. తవుడు 150 కిలోలు, వేరుశనగ చెక్క 50 కిలోలు కలిపి ఎనిమిది నెలలకు 5,250. వల అద్దె 1,500. వెదురు గడలు, సంచులు, నీరు వచ్చే దారికి జాలీ ఒక వెయ్యి. మొత్తం 15,150. అయిదు వందల్లో నాలుగింట మూడు వంతులు నిలిచి, ఒక్కోటి ఆరు వందల గ్రాములు తూగితే 225 కిలోలు. అందులో 35 కిలోలు మీ ఇంటికి. మిగతా 190 కిలోలు బతికినవి కొన్ని 200కు, మిగిలినవి 160కి పోయాయనుకుని సగటు 180 వేస్తే 34,200. ఖర్చు పోను 19,000 పైచిలుకు. ఇప్పుడు చెడు ఏడాది చూడండి. సగం దిగుబడే వచ్చింది, 112 కిలోలు. ఇంటికి 22 ఉంచుకుని 90 అమ్మితే 16,200. పెట్టుబడి వచ్చేసింది, ఇంట్లో కూర కూడా అయింది. సగం పోయినా మునగని లెక్క ఇది. అన్నయ్యగారి లెక్కలో సగం పోతే గొడ్డూ గోదా అమ్ముకోవాలి.

ఇందులో మీ రెక్కల కష్టం వేయలేదని మీరు అడగవచ్చు, అడగాలి కూడా. రోజుకు గంట చొప్పున ఎనిమిది నెలలంటే ముప్పై పనిదినాలు. 300 చొప్పున 9,000. అది తీసేస్తే నికరంగా మిగిలేది పదివేలు. అయితే ఆ గంట తెల్లవారుజామున, కూలికి పోకముందు పెట్టేది. ఆ గంటకు మీ ఊళ్లో ఎవరూ కూలి ఇవ్వరు. కాబట్టి నేను దాన్ని సగమే ఖర్చుగా వేస్తాను. మీరు పూర్తిగా వేసుకున్నా తప్పు లేదు. కానీ ఈ చెరువు మీ ఆయనను విశాఖ పనికి పోకుండా ఆపేంత సంపాదిస్తుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. ఎరువుల బాకీ తీరుతుంది, పిల్లల పుస్తకాలు వస్తాయి. అంతవరకే.

పోయిన ఏడాది మూడు వేల పిల్లలు ఏమయ్యాయో మీ ఉత్తరంలోనే ఉంది. చిన్న పిల్లలు అన్నారు. వేలు పొడవు కూడా లేని పిల్లను పాత గుంటలో వదిలితే అది కొర్రమీనుకు, నీటిపాముకు, కొంగకు, కప్పకు పలహారం. తప్పించుకున్నవి పెరగడం మొదలుపెట్టేసరికి నీరు ఇంకిపోతుంది. ఏడాది పొడవునా నీరుండే చెరువుకు చిన్న పిల్ల ఫరవాలేదు. మీది ఎనిమిది నెలల చెరువు. అందులో పడేనాటికే పిల్ల యాభై, అరవై గ్రాములు ఉండాలి. కిందటి ఏడాది పుట్టి, కిక్కిరిసిన చెరువులో మేత చాలక గిడసబారి ఉన్న పిల్లలు దొరుకుతాయి. వాటికి చోటూ తిండీ దొరికితే ఆబగా పెరుగుతాయి. ఆంధ్రా రైతులు ఎప్పటినుంచో వాడుతున్న కిటుకు ఇది. మూడు రూపాయల పిల్ల చవక అనిపిస్తుంది. పోయిన ఏడాది మూడు వేల పిల్లలకు మీరు పెట్టింది తొమ్మిది వేలు, వచ్చింది నలభై కిలోలు. కిలోకు పిల్ల ఖర్చే 225 పడింది, సంతలో బతికిన చేప ధర కంటే ఎక్కువ.

కొనేటప్పుడు ఒళ్లంతా కళ్లు చేసుకోవాలి. చిన్న పిల్లలను ఎవరూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టి ఇవ్వరు. చిల్లుల గిన్నెతో ముంచి, ఒక గిన్నెలో ఎన్ని ఉన్నాయో లెక్క చూపించి, ఆ తర్వాత గిన్నెల లెక్కన పోసేస్తారు. లెక్క చూపించే గిన్నె నిండుగా ఉంటుంది, తర్వాతివి వెలితిగా ఉంటాయి. పెద్ద పిల్లలైతే తల లెక్కన గానీ తూకాన గానీ ఇస్తారు, ఈ మోసానికి చోటు తక్కువ. కొనేముందు వాటిని తొట్టిలో వేయించి, నీటిని చేత్తో గిర్రున తిప్పండి. ఆరోగ్యంగా ఉన్న పిల్ల నీటి సుడికి ఎదురీదుతుంది. నీరసించినవి తొట్టి నడుమ పోగుపడతాయి. పొలుసు ఊడినవి, తోక ఎర్రబడినవి వద్దనండి. తెచ్చాక సంచిని మూతి విప్పకుండానే పావుగంట సేపు చెరువు నీటి మీద తేలనిచ్చి, తర్వాత కొంచెం కొంచెంగా చెరువు నీరు సంచిలోకి పోసి, వాటంతట అవే బయటికి ఈదేలా వదలండి. మిట్టమధ్యాహ్నం వద్దు, పొద్దున్నే వదలండి.

అయిదు వందల్లో బొచ్చె 150, శీలావతి 200, ఎర్రమోసు 120, గడ్డిచేప 30 ఉంటే చాలు. బొచ్చె పైపైన తింటుంది, శీలావతి నడుమ, మోసు అడుగున. గడ్డిచేపకు గట్టు మీద కోసిన గడ్డి వేస్తే సరి. శీలావతిలో జయంతి రకం దొరికితే అదే తీసుకోండి. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలో ఉన్న కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ, సీఫా, త్వరగా పెరిగేలా తరతరాలుగా ఎంపిక చేస్తూ తయారు చేసిన రకం అది. బంగారు తీగ మాత్రం వద్దు. అడుగున తవ్వుతూ గట్లను గుల్ల చేస్తుంది. మీ గట్టు కొత్తది. త్వరగా బలుస్తుందని ఎవరైనా థాయ్ మాగుర్ అంటగట్టబోతే దగ్గరికి కూడా రానివ్వకండి. ఉన్న చేపలన్నిటినీ తినేస్తుంది, పైగా దాని పెంపకం 2000 సంవత్సరం నుంచీ నిషిద్ధం.

మేత మాటకొస్తే, మీ చెరువుకు అసలైన వంటగది మీ పశువుల కొట్టం. పేడ పడితే నీటిలో కంటికి కనబడని పచ్చని నాచు, పురుగు పుడతాయి. చేప వాటినే తింటుంది. ఆ పచ్చదనం పుట్టాలంటే ముందు మట్టిలో పులుపు తగ్గాలి. మీ వైపు ఎర్రమట్టి నేలల్లో ఆమ్లగుణం ఎక్కువ. ఆ పులుపు కొలత, పీహెచ్, 5 నుంచి 6.5 మధ్య ఉంటే హెక్టారుకు వెయ్యి కిలోల సున్నం చెబుతారు, మీకు 160 కిలోలు అన్నది ఆ లెక్కనే. అందులో సగాన్ని ఎండిన అడుగు మీద, మిగతా సగాన్ని నీరు చేరాక చల్లండి. సున్నం వేసిన వారం తర్వాత పేడ. పదిహేను రోజులకోసారి వంద కిలోలు, అంటే నాలుగైదు తట్టలు. చెరువంతా వెదజల్లవద్దు, ఒక మూల కుప్పగా పోస్తే మెల్లగా కరుగుతుంది. పొలానికి పోయే పేడ చెరువుకు పోతోందని మామగారు గొణిగితే, ఏప్రిల్‌లో అడుగు ఎండాక ఆ నల్లటి ఒండ్రు తీసి మడిలో వేస్తామని చెప్పండి. పేడ ఎక్కడికీ పోదు.

సరిపోయిందా లేదా అని చూడటానికి పరికరం అక్కర్లేదు. నీళ్లలోకి చేయి నిలువుగా దించండి. నీరు మోచేతిని తాకేసరికి అరచేయి మసకబారితే సరిగ్గా ఉన్నట్టు. మోచెయ్యి దాటినా వేళ్లు స్పష్టంగా కనబడుతుంటే పేడ చాలలేదు. మణికట్టు దగ్గరే చేయి కనబడకుండా పోతే పేడా మేతా రెండూ ఆపేయండి.

తవుడు, చెక్క నీళ్లలోకి విసిరేస్తే సగం అడుగున కుళ్లిపోతుంది. ఖాళీ యూరియా సంచిని బాగా కడిగి, అడుగు నుంచి జానెడు ఎత్తున చుట్టూ వేలు పట్టేంత చిల్లులు రెండు వరుసలు పెట్టండి. రాత్రి నానబెట్టిన తవుడు, చెక్క అందులో వేసి, నీటిలో నాటిన గడకు సంచి సగం మునిగేలా కట్టండి. చేపలు వచ్చి చిల్లుల దగ్గర పొడుచుకుని తింటాయి, గడ కదులుతూ ఉంటుంది. రెండు మూడు గంటల తర్వాత సంచి ఎత్తి చూడండి. ఖాళీ అయితే రేపు గుప్పెడు ఎక్కువ వేయండి. మిగిలితే రేపు సగమే వేయండి. కొల్లేటి రైతులు ఎకరాల చెరువుల్లో వందలాది సంచులు వరుసగా కట్టేది ఈ పద్ధతిలోనే. మీకు రెండు సంచులు చాలు. అన్నయ్యగారి దగ్గర నేర్చుకోదగ్గ విద్య ఇది. ఈసారి పండక్కి వస్తే మొదటి రెండు సంచులూ ఆయన చేతనే కట్టించండి.

తెల్లవారుజామున చెరువు దగ్గరికి వెళ్లడం మానవద్దు. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే ప్రాణవాయువు చాలడం లేదని అర్థం. అప్పుడు మందుల షాపుకు పరుగెత్తడం కాదు, నీళ్లను కర్రలతో బాదాలి, బిందెలతో ఎత్తి పోయాలి, పక్క మడిలో నీరుంటే పెట్టాలి. ఆ రోజుకు మేత బంద్. మబ్బు పట్టిన రోజుల్లో, ఫిబ్రవరి తర్వాత నీరు తగ్గినప్పుడు ఇది ఎక్కువగా జరుగుతుంది.

అందుకే ఒక్కసారిగా పట్టవద్దు. నవంబరు నుంచి విడతలుగా పడితే చెరువులో రద్దీ తగ్గుతుంది, మిగిలినవి పెరుగుతాయి, ధరా నిలుస్తుంది. పట్టే రోజు ఎంచుకోవడంలోనే లాభం ఉంది. ఒడిశాలో కార్తికమంతా చాలా ఇళ్లలో నీచు ముట్టరు. నెల చివరి అయిదు రోజుల పంచుకకు మరీ నిష్ఠ. కొంగ కూడా చేప తినదని అంటారు. ఆ నెలలో వల వేస్తే చేప అడిగేవారు ఉండరు. పున్నమి వెళ్లిన మర్నాడు ఛాడఖాయి. ఆ రోజు చేపల కోసం తెల్లవారకముందే జనం బారులు తీరుతారు. మీ మొదటి వల ఆ రోజుకు పడాలి. అరకిలో దాటినవి మాత్రమే తీయండి, మిగతావి వదిలేయండి. తర్వాత మార్గశిర గురువారాలు మానబసా లక్ష్మీ పూజలు, అప్పుడూ నీచు ముట్టరు, ఆ రోజులు వదిలేయండి. రెండో వల కనుమకు, తెలుగు ఇళ్లన్నీ కొంటాయి. చివరిది ఫిబ్రవరి, మార్చిలో, నీరు నడుము లోతు కంటే దిగకముందు.

ఐసు చేపతో ధరలో పోటీ పడవద్దు. ఆంధ్రా నుంచి ఐసులో వచ్చే చేప మీ సంతకు ధర కడుతుంది, దాన్ని మీరు కదపలేరు. మీకున్న బలం ఒక్కటే: ఎగిరే చేప. ప్లాస్టిక్ డ్రమ్ములో సగం నీళ్లు పోసి, పది కిలోల చొప్పున, సైకిలు మీదైనా సరే బతికున్నది బతికినట్టు ఇంటింటికీ చేర్చగలిగితే మీ 200 మీకు వస్తుంది. అది చనిపోయిన క్షణం నుంచి 160 చేపే.

అరువు గురించి గట్టిగా చెప్పాలి. పల్లెలో చేపల చెరువును ముంచేది రోగం కంటే ఎక్కువగా అరువు. వల పడిన రోజు పెదమామగారి ఇంటికి రెండు కిలోలు, వార్డు మెంబరుకు ఒకటి, వల లాగిన కుర్రాళ్లకు నాలుగు, పంట వచ్చాక ఇస్తామన్నవాళ్లకు ఇరవై. సాయంత్రానికి కాటా చెప్పే బరువుకూ కొంగున ఉన్న డబ్బుకూ పొంతన ఉండదు. వారం ముందే ఎవరెవరికి ఎన్ని కిలోలో రాసుకుని, సగం డబ్బు ముందే తీసుకోండి. ఊరికే ఇవ్వదలచుకున్నవి ఎన్నో మీరూ అత్తగారూ ముందురోజే తేల్చుకుని, ఆ చేపలు మొదటే పక్కన పెట్టేయండి. ఆ పైన అడిగినవారికి కాటా చూపించండి.

ఇంటికి ఉంచమన్న 35 కిలోలను తగ్గించకండి. కొన్న ధరకు లెక్కిస్తే అవి ఆరేడు వేలు. చేతిలో డబ్బుగా ఉంటే ఆ మొత్తంతో మీరు చేప కొనరని నాకు తెలుసు, వేరే ఖర్చులు ముందుకొస్తాయి. ఒడియాలో మహురాళి అనే చిన్న చేప, మోల, దొరికితే తల్లి చేపలను కిలో, రెండు కిలోలు జూలైలోనే వదలండి. చెరువులోనే పిల్లలు పెడుతుంది, బొచ్చెకూ శీలావతికీ పెద్దగా అడ్డురాదు. తలా ముల్లూ తీయకుండా మొత్తంగా వండుకునే చేప కాబట్టి ముల్లులోని కాల్షియం, కంటిలోనూ పొట్టలోనూ ఉండే విటమిన్ ఎ పిల్లలకు అందుతాయి. వరల్డ్‌ఫిష్ సంస్థ ఒడిశా మహిళా సంఘాల చెరువుల్లో పెద్ద చేపలతో కలిపి దీన్ని పెంచించింది. రెండు వారాలకోసారి చిన్న వలతో ఒక పూట కూరకు సరిపడా తీసుకోవచ్చు. దీన్ని అమ్మే ఆలోచన పెట్టుకోకండి.

మరిది చెప్పిన బయోఫ్లాక్ మీద ఎక్కువ చెప్పను. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఏడు తొట్ల యూనిట్ విలువే ఏడున్నర లక్షలుగా పెట్టారు. రాత్రీ పగలూ గాలి యంత్రం ఆడాలి. కరెంటు పోయి గంటా రెండు గంటలు దాటితే తొట్టిలో చేప మిగలదు. మీ ఊళ్లో గాలివాన వస్తే కరెంటు ఎన్ని గంటలకు వస్తుందో మరిదినే అడగండి.

ఆ యోజన 2020లో వచ్చింది. మహిళలకూ, ఎస్సీ, ఎస్టీలకూ 60 శాతం, మిగతావారికి 40 శాతం రాయితీ. వినడానికి బాగుంటుంది. అయితే చాలావరకు ముందు మీరు ఖర్చు పెట్టి బిల్లులు చూపిస్తే తర్వాత వచ్చే డబ్బు అది. ఆ నడుమ కాలానికి అప్పు చేసి రాయితీని వడ్డీకి ధారపోసినవారు ఉన్నారు. పదిహేను వేల పెట్టుబడికి మీకు అది అక్కర్లేదు. అప్పే కావాలంటే బ్యాంకుకు వెళ్లి కిసాన్ క్రెడిట్ కార్డు అడగండి. 2019 నుంచి చేపల పెంపకానికీ ఇస్తున్నారు. 7 శాతం వడ్డీ, గడువులో కడితే 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. ముఖ్యంగా, వారం వారం కట్టనక్కర్లేదు, పంట వచ్చాక కట్టవచ్చు. భూమి మామగారి పేర ఉంటే ఎవరి పేర దరఖాస్తు పెట్టాలో బ్యాంకులోనే అడగండి. మేనేజరు రెండుసార్లు తిప్పుతాడు, మూడోసారి కూడా వెళ్లండి.

ఇక సంఘం చెరువు. నాకు అన్నిటికంటే ఆశ కలిగించిన మాట ఇదే, అన్నిటికంటే భయపెట్టిందీ ఇదే. ఒడిశాలో 2018-19 నుంచి పంచాయతీ చెరువులను మహిళా సంఘాలకు లీజుకు ఇస్తున్నారు. పెట్టుబడి నలుగురి మీదా పడుతుంది, కాపలా వంతులు వేసుకోవచ్చు, మత్స్యశాఖ మనిషి సంఘం దగ్గరికి వచ్చినంత సులువుగా ఒంటరి రైతు దగ్గరికి రాడు. కానీ లీజు సంఘం పేర ఉండి, పిల్లలూ మేతా వలా అన్నీ ఊరి పెద్దమనిషి ఒకరివై, ఏడాది చివర్లో ఆయన తలా వెయ్యి చేతిలో పెట్టే పద్ధతి చాలా చోట్ల నడుస్తోంది. సంతకం మీది, చేప ఆయనది, బాకీ తేలితే మళ్లీ మీది. మీ సంఘంలో పెట్టుబడి ఎవరు పెడుతున్నారో మొదటి సమావేశంలోనే అడగండి. సమాధానం నసిగితే పక్కకు తప్పుకోండి.

సూటిగా చెబితే చేరండి. లీజు ఎన్నేళ్లకో కాగితం మీద చూడండి, ఒక్క ఏడాదికైతే సున్నం వేసి మట్టి బాగుచేసిన ఫలితం వచ్చే ఏడాది వేరొకరికి పోతుంది. ఆ చెరువులో ఊరు స్నానం చేస్తుంది, పశువులు తాగుతాయి కాబట్టి పేడ మీ గుంటలో వేసినట్టు వేస్తే గొడవలవుతాయి. అక్కడ తవుడూ చెక్కే దారి. మొదటి ఏడాది వచ్చిన లాభమంతా పంచుకోకుండా తర్వాతి ఏడాది పిల్లలకూ సున్నానికీ సరిపడా సంఘం ఖాతాలో ఉంచాలని ముందే తీర్మానం రాయించండి. మీ సొంత వల పడే రోజూ సంఘం వల పడే రోజూ ఒకటి కాకుండా చూసుకోండి, లేకపోతే మీ చేపే మీ చేప ధరను దించుతుంది.

పెద్ద పిల్లలకు జూన్‌లో గిరాకీ ఎక్కువ. మేలోనే వెళ్లి అయిదు వందలకు చెప్పి, కొంత బయానా ఇచ్చి రండి. చెరువు అడుగు ఎండగానే నాలుగు మూలలా, నడుమా ఒక్కో గుప్పెడు మట్టి తీసి, కలిపి ఆరబెట్టి, మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో పరీక్షకు ఇవ్వండి. పీహెచ్ ఎంత వచ్చిందో రాస్తే, 160 కిలోల సున్నం సరిపోతుందో లేదో చూసి చెబుతాను.